ప్రింటర్, టోకెన్, ఫాంటు: చిన్న ఆఫీసుల్లో లినక్స్ ఎక్కడ ఆగిపోతుంది

క్లుప్తంగా: విండోస్ 10కు మద్దతు ముగియడంతో విశాఖపట్నంలోని చిన్న ఆఫీసులకు పాత కంప్యూటర్ల విషయంలో ఏదో ఒక నిర్ణయం తీసుకోక తప్పడం లేదు. విండోస్‌లాగే కంప్యూటర్‌ను నడిపే వ్యవస్థ (ఆపరేటింగ్ సిస్టమ్), ఉచితంగా దొరికే లినక్స్ అందులో ఒక దారి. దాన్ని ఎక్కించడం పెద్ద పనేమీ కాదు. చిక్కులన్నీ ఆ తర్వాత ప్రింటరు దగ్గర, డిజిటల్ సంతకం టోకెన్ దగ్గర, పాత తెలుగు ఫాంట్ల దగ్గర మొదలవుతాయి. ఈ మూడింటినీ ముందే పరీక్షించుకున్న ఆఫీసులో మార్పు నిలబడుతుంది. పరీక్షించకుండా దిగిన చోట కొద్ది రోజుల్లోనే పాత వ్యవస్థ తిరిగి వచ్చి కూర్చుంటుంది.

ప్రశ్న ఇప్పుడే ఎందుకు

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. ఆ రోజు కంప్యూటర్లేవీ ఆగిపోలేదు. ఇప్పటికీ ఉదయం తెరుచుకుంటున్నాయి, బిల్లులు వస్తున్నాయి. ఆగింది ప్రధానంగా భద్రతా లోపాలకు నెలనెలా అందే సవరణ. దాని ప్రభావం ఒక్కరోజులో కనిపించదు. కొత్తగా బయటపడిన ప్రతి లోపమూ పూడ్చకుండా మిగిలిపోతుంది. కొంతకాలానికి బ్రౌజర్లు, యాంటీవైరస్‌లు, లెక్కల ప్రోగ్రాములు కూడా ఆ వ్యవస్థను ఒక్కొక్కటిగా వదిలేస్తాయి. విండోస్ 7 విషయంలో జరిగింది ఇదే.

విండోస్ 11కు వెళ్దామంటే యంత్రం ఒప్పుకోవాలి. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడే నమ్మకం లేని ప్రోగ్రాములను అడ్డుకునే సెక్యూర్ బూట్, ఇంటెల్ అయితే 2017లో మొదలైన ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ అవసరం. ప్రాసెసర్ పేరులోనే తరం తెలిసిపోతుంది. ఐ3-4130 అని ఉంటే, గీత తర్వాత ఉన్న 4 అంటే నాలుగో తరం. గాజువాక ఆటోనగర్‌లోనో డాబాగార్డెన్స్‌లోనో పదేళ్ల కిందట కొన్న కంప్యూటర్‌తో నడుస్తున్న ఆఫీసుకు ఈ దారి దాదాపు మూసుకుపోయినట్టే.

డబ్బు కట్టి భద్రతా సవరణలు కొనుక్కునే పథకమూ ఉంది. సంస్థలకు ఒక్కో కంప్యూటర్‌కు మొదటి ఏడాది 61 డాలర్లు, ఆపై ఏటేటా రెట్టింపు, గరిష్ఠంగా మూడేళ్లు. మూడేళ్లకు కలిపితే 427 డాలర్లు. ఇంత పెట్టి పదేళ్ల యంత్రాన్ని నిలబెట్టడం లెక్కకు నిలవదు. ఇంటి వాడకందారులకు ఇచ్చిన ఏడాది వెసులుబాటు 2026 అక్టోబర్ 13 వరకే. ఇక కొన్ని చోట్ల చేస్తున్నట్టు క్రాక్ చేసిన విండోస్‌ను ఎక్కించుకోవడం అన్నింటికంటే ప్రమాదకరం. లైసెన్సును దాటవేసే ప్రోగ్రామును నడపాలంటే ముందుగా యాంటీవైరస్‌ను ఆపాలి. అంటే బ్యాంకు పాస్‌వర్డులు ఉన్న కంప్యూటర్‌లోకి, ఎవరు రాశారో తెలియని ప్రోగ్రామును చేతులారా ఆహ్వానించినట్టే.

ముందు ప్రోగ్రాములు, తర్వాత వ్యవస్థ

మార్పు బెడిసికొట్టే ఆఫీసుల్లో పని సాధారణంగా తలకిందులుగా జరుగుతుంది. ముందు డిస్కు మొత్తం ఫార్మాట్ చేసి లినక్స్ ఎక్కిస్తారు. ఆ తర్వాత ఏ ప్రోగ్రాము ఉంది, ఏది లేదు అని వెతుకుతారు. ఈలోగా కొటేషన్ పంపమని కస్టమర్ ఫోను చేస్తాడు. ఆ ఒత్తిడిలో దొరికిన చిన్న లోపమైనా మొత్తం ప్రయత్నాన్ని ముంచేస్తుంది.

ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ విండోస్ మీద కూడా పనిచేస్తాయి. అందుకే ఒక నెలపాటు ఉన్న విండోస్ మీదే వాటిని వాడి చూడటం మేలు. అలవాటు పడేది ప్రోగ్రాముకే కాబట్టి, కింద ఉన్న వ్యవస్థ మారిన రోజున పనిచేసేవారికి పెద్ద తేడా తెలియదు. ఓపెన్‌ఆఫీస్ నుంచి 2010లో విడిపోయి పెరిగిన లిబ్రేఆఫీస్ వర్డ్, ఎక్సెల్ ఫైళ్లను తెరుస్తుంది, వాటి రూపంలోనే దాస్తుంది కూడా.

ఇక్కడ తరచుగా వచ్చే ఫిర్యాదు ఒకటి ఉంది. ఒక పేజీలో ఒదిగిన కొటేషన్, లినక్స్‌లో తెరిస్తే చివరి రెండు వరుసలు రెండో పేజీలోకి జారిపోతాయి. చాలామంది దీన్ని లిబ్రేఆఫీస్ లోపం అనుకుంటారు. కారణం ఎక్కువగా ఫాంటులో ఉంటుంది. వర్డ్‌లో ఏళ్లపాటు ముందుగా ఉంటూ వచ్చిన కాలిబ్రి మైక్రోసాఫ్ట్ సొత్తు, లినక్స్‌తో రాదు. దాని బదులు వెడల్పు వేరుగా ఉన్న మరో ఫాంటు కూర్చుంటే వరుసలు పెరుగుతాయి. కాలిబ్రి అక్షరాల వెడల్పునే పాటించేలా తయారు చేసిన కార్లిటోను, కేంబ్రియాకు బదులుగా కాలడియాను ఎక్కిస్తే వరుసలు చాలావరకు తమ చోటికి వచ్చేస్తాయి. ఎక్సెల్ ఫైలులోనే ఉండి లెక్కలను తమంతట తామే చేసే చిన్న ప్రోగ్రాముల, అంటే మాక్రోల సంగతి వేరు. జీతాల లెక్కో స్టాకు లెక్కో మాక్రోల మీద నడుస్తుంటే దాన్ని విడిగా పరీక్షించాలి. కొన్ని యథాతథంగా నడుస్తాయి, కొన్నింటిని తిరిగి రాయించుకోక తప్పదు.

సముద్రపు గాలి చేసే పని

తీర నగరంలో యంత్రం పరిస్థితిని ముందు చూడటం మరీ ముఖ్యం. ఉప్పు తేమ లోహపు అంచులను మెల్లగా తినేస్తుంది. ర్యామ్ కార్డు అంచున ఉండే పూతపూసిన కాంటాక్టులు, ముందువైపు యూఎస్‌బీ రంధ్రాలు మొదట దెబ్బతినేవి. కంప్యూటర్ ఉన్నట్టుండి స్తంభించడం, ఆన్ చేయగానే బీప్ శబ్దాలు చేయడం దీనికి సూచనలు. ర్యామ్‌ను తీసి కాంటాక్టులను తుడిచి మళ్లీ బిగిస్తే చాలా కేసులు తేలిపోతాయని రిపేరు చేసేవారికి తెలిసిందే.

లినక్స్ ఎక్కించడం మధ్యలో ఆగిపోయినప్పుడు కూడా నింద కొత్త వ్యవస్థ మీదే పడుతుంది. ఏళ్ల తరబడి తాకని డిస్కు భాగాల్లో ఇన్‌స్టాలేషన్ ఒక్కసారిగా రాయడం మొదలుపెడుతుంది. అక్కడ చెడిపోయిన సెక్టార్లు ఉంటే అప్పుడే బయటపడతాయి. ముందుగా డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్ నివేదిక చూడటం, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్‌ను కనీసం ఒక పూర్తి విడత నడపడం ఈ గందరగోళాన్ని తప్పిస్తాయి. తిరిగే డిస్కు ఉన్న యంత్రానికి, తిరిగే భాగాలు లేని చిన్న ఎస్‌ఎస్‌డీ డిస్కు వేస్తే వచ్చే వేగం ఏ సాఫ్ట్‌వేర్ మార్పుతోనూ రాదు. లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్‌కు కనీసం 2 జీబీ ర్యామ్ చాలంటారు, సిఫారసు చేసేది మాత్రం 4 జీబీ. నేటి బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిచే ఆఫీసుకు 8 జీబీ ఉంటేనే ఊపిరాడుతుంది.

మరో చిన్న వస్తువు మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ, సీఆర్2032. అది అయిపోతే, కరెంటు తీసిన ప్రతిసారీ కంప్యూటర్ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు బ్రౌజర్‌లో బ్యాంకు సైటు గానీ జీఎస్‌టీ పోర్టల్ గానీ తెరుచుకోవు. సైటు భద్రతా పత్రం ఇంకా అమల్లోకి రాలేదని బ్రౌజర్ భావిస్తుంది. ఇంటర్నెట్ పాడైందని, లినక్స్ పాడైందని గంటలకొద్దీ వెతికాక చివరికి తేలేది ఈ బిళ్లే.

ఎక్కించేటప్పుడు ఎదురయ్యేవి

పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్‌ను ఎక్కించకుండానే నడిపి చూడొచ్చు. ఈ సౌకర్యాన్ని చిన్న ఆఫీసులు తగినంతగా వాడుకోవు. వైఫై, శబ్దం, ప్రింటరు, స్కానర్ పనిచేస్తున్నాయో లేదో డిస్కును ముట్టుకోకుండానే అక్కడే తెలిసిపోతుంది. దించుకున్న ఫైలు చెక్‌సమ్‌ను (ఫైలు సరిగ్గా దిగిందో లేదో తేల్చే గుర్తు సంఖ్యను) సైటులో ఇచ్చిన దానితో సరిపోల్చడం కూడా మరవకూడదు. సగం దిగిన ఫైలుతో తయారైన పెన్‌డ్రైవ్ రకరకాల వింత లోపాలు చూపిస్తుంది.

ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనబడకపోతే, బయోస్‌లో (విండోస్ మొదలవకముందే తెరుచుకునే యంత్రపు సెట్టింగుల్లో) డిస్కు నిల్వ విధానం రెయిడ్ లేదా ఆర్‌ఎస్‌టీగా ఉందేమో చూడాలి. ఏహెచ్‌సీఐకి మార్చితే డిస్కు కనిపిస్తుంది. అయితే పక్కనే విండోస్ కూడా ఉంచుకోవాలనుకుంటే తొందరపడకూడదు. ఆ మార్పుకు ముందుగా విండోస్‌ను సిద్ధం చేయకపోతే అది తెరుచుకోదు. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉన్న యంత్రంలో రికవరీ కీ ముందే రాసి పెట్టుకోవాలి. వైఫై చిప్పుకు డ్రైవర్ లేకపోతే ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ చేస్తే సరి. ఆ నెట్‌తోనే డ్రైవర్ దించుకోవచ్చు.

రెండు వ్యవస్థలూ ఉంచుకున్న చోట గడియారం ఒక విచిత్రం చేస్తుంది. లినక్స్ నుంచి విండోస్‌లోకి వెళ్లగానే సమయం సరిగ్గా 5 గంటల 30 నిమిషాలు వెనక్కి పోతుంది. యంత్రంలోని గడియారాన్ని లినక్స్ ప్రపంచ ప్రామాణిక సమయంగా, విండోస్ స్థానిక సమయంగా చదవడమే కారణం. భారత కాలమానానికీ ప్రామాణిక సమయానికీ ఉన్న తేడా అంతే. తేడా కచ్చితంగా ఐదున్నర గంటలే ఉంటే బ్యాటరీని అనుమానించక్కర్లేదు. లినక్స్‌నే స్థానిక సమయం వాడమని చెప్తే సరిపోతుంది.

ప్రింటరు దగ్గర అసలు పరీక్ష

చిన్న ఆఫీసులో లినక్స్ భవితవ్యం తేలేది ఇక్కడే. చౌక లేజర్ ప్రింటర్లలో చాలావాటికి సొంత బుద్ధి తక్కువ. ఖరీదైన ప్రింటరు పీసీఎల్, పోస్ట్‌స్క్రిప్ట్ వంటి పేజీ భాషలను అర్థం చేసుకుని తనే బొమ్మ గీసుకుంటుంది. చౌకదానిలో ఆ పనంతా కంప్యూటరే చేసి, సిద్ధమైన చుక్కలను ఆ సంస్థ సొంత భాషలో పంపాలి. ఆ భాష విండోస్ డ్రైవర్‌కు మాత్రమే బాగా వస్తే లినక్స్ ముందు ప్రింటరు మూగదైపోతుంది.

దేశంలోని ఆఫీసుల్లో విరివిగా కనిపించే రెండు ప్రింటర్లు ఈ తేడాను చక్కగా చూపిస్తాయి. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 తనను నడిపే లోపలి ప్రోగ్రామును, అంటే ఫర్మ్‌వేర్‌ను తనలో దాచుకోదు. ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటర్ దాన్ని పంపాలి. విండోస్ డ్రైవర్ ఈ పని చప్పుడు చేయకుండా చేసేస్తుంది. లినక్స్‌లో హెచ్‌పీలిప్ అనే ప్యాకేజీతో పాటు ఒక ప్లగిన్‌ను విడిగా దించాలి. ఆ ప్లగిన్ వెర్షన్, ప్యాకేజీ వెర్షన్ ఒకటే అయి ఉండాలి. కాబట్టి నెలల తరబడి చక్కగా పనిచేసిన ప్రింటరు ఒక అప్‌డేట్ తర్వాత ఉదయాన్నే మొండికేస్తుంది. ప్రింటు వెళ్లినట్టే తెర చూపిస్తుంది, కాగితం మాత్రం కదలదు. ప్లగిన్‌ను మళ్లీ దించితే సమస్య తీరిపోతుంది. కారణం తెలిసినవారికి ఐదు నిమిషాల పని, తెలియనివారికి ఒక పూట.

కేనన్ ఎల్‌బీపీ 2900 కథ ఇంకాస్త కష్టం. అది క్యాప్ట్ అనే సొంత విధానంలో పనిచేస్తుంది. లినక్స్‌కు కేనన్ ఇచ్చిన డ్రైవర్ పాత 32 బిట్ లైబ్రరీల మీద ఆధారపడటంతో కొత్త వెర్షన్లలో దాన్ని నిలబెట్టడం శ్రమ. విండోస్ కంప్యూటర్‌కు తగిలించి నెట్‌వర్క్‌లో షేర్ చేస్తే సరిపోతుందని చాలామంది సలహా ఇస్తారు. సాధారణంగా సరిపోదు. షేర్ చేసినా ప్రింటరు భాషలోకి మార్చాల్సింది పంపే కంప్యూటరే. లినక్స్ వైపు ఆ భాష రానప్పుడు దారి మారినంత మాత్రాన ఫలితం మారదు. పీడీఎఫ్ చేసి షేర్డ్ ఫోల్డర్‌లో వేసి, విండోస్ యంత్రం నుంచి ప్రింటు తీయడమే అక్కడ నమ్మకమైన పద్ధతి. కొత్తగా కొనేవారు డ్రైవర్ అవసరం లేకుండా పనిచేసే ఐపీపీ లేదా ఎయిర్‌ప్రింట్ ఉన్న నెట్‌వర్క్ ప్రింటరును ఎంచుకుంటే ఈ తలనొప్పి మొదలే కాదు.

లోపం ఎక్కడుందో తేల్చడానికి ఒక వరుస ఉంది. లినక్స్‌లో ప్రింటింగ్ బాధ్యతంతా కప్స్ అనే సేవది. ముందు కప్స్ నుంచే పరీక్ష పేజీ తీయాలి. అది రాకపోతే తప్పు తీగ, డ్రైవర్, ఫర్మ్‌వేర్‌లలో ఉంది. అది వచ్చి, పీడీఎఫ్ రాకపోతే కాగితం సైజు, ఫిల్టర్లు చూడాలి. కాగితం సైజు ఏ4కు బదులు అమెరికా వాడే లెటర్‌గా ఉండిపోవడం మామూలే. రెండూ వచ్చి, లిబ్రేఆఫీస్ నుంచి మాత్రమే రాకపోతే అప్పుడు లిబ్రేఆఫీస్‌ను తప్పుపట్టవచ్చు. ఈ వరుస పాటించకుండా డ్రైవర్లను తీసి మళ్లీ మళ్లీ ఎక్కించడం వల్ల పనిచేస్తున్న భాగం కూడా చెడుతుంది. రవాణా ఆఫీసుల్లో బిల్లులు కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లకు ఎప్సన్ 9 పిన్ సాధారణ డ్రైవర్ చాలావరకు సరిపోతుంది, వేగం మాత్రం తగ్గుతుంది.

పాత తెలుగు, కొత్త తెలుగు

డీటీపీ సెంటర్లలో, శుభలేఖల దుకాణాల్లో, ప్లీడర్ల ఆఫీసుల్లో ఏళ్ల తరబడి పేరుకున్న ఫైళ్లు ‘అను’ అనే పేరున్న పాత ఫాంట్లలో ఉంటాయి. ఆ ఫైలు లినక్స్‌లో తెరిస్తే కనిపించేది ఇంగ్లీషు అక్షరాలు, అర్థం కాని గుర్తులు. ఫైలు పాడవలేదు. ప్రతి అక్షరానికీ ప్రపంచమంతా ఒకే సంఖ్య ఇచ్చే యూనికోడ్‌కు ముందు కాలపు ఫాంట్లు తెలుగు అక్షరాన్ని అక్షరంగా దాచేవి కావు. ఇంగ్లీషు గుర్తుల స్థానాల్లో తెలుగు తలకట్లు, గుడులు, ఒత్తుల బొమ్మలు కూర్చోబెట్టేవి. ఫాంటు ఉంటే తెలుగు కనిపిస్తుంది, లేకపోతే దాని కింద ఉన్న ఇంగ్లీషు బయటపడుతుంది. యూనికోడ్‌లో ‘క’కు 3093 అని ఒక సొంత సంఖ్య ఉంది. ఏ కంప్యూటర్‌లోనైనా, ఏ ఫాంటులోనైనా అది ‘క’యే.

మార్పిడి ప్రోగ్రాములతో పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి తేవచ్చు. ఒత్తుల దగ్గర, సంయుక్తాక్షరాల దగ్గర తప్పులు దొర్లుతాయి కనుక మనిషి ఒకసారి చదవాల్సిందే. వీలునామా, క్రయ దస్తావేజు వంటి పత్రాల్లో ఒక్క అక్షరం పోయినా ప్రమాదమే. ఆ ఆఫీసుల్లో పాత ఫైళ్ల కోసం ఒక విండోస్ కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచుకోవడం తెలివైన పని. కొత్త పత్రాలు మొదటి రోజు నుంచే యూనికోడ్‌లో మొదలుపెట్టాలి.

టైపింగ్ అలవాటు మరో గోడ. ఇరవై ఏళ్లు ఒకే కీబోర్డు పద్ధతిలో వేళ్లు పరిగెత్తిన ఆపరేటర్‌ను ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రామాణిక కీబోర్డు పద్ధతి నేర్చుకోమనడం సులువు కాదు. లినక్స్‌లో ఐబస్, ఎం17ఎన్ అనే టైపింగ్ సాధనాల ద్వారా ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు ఆపిల్, ఆర్‌టీఎస్ వంటి తెలుగు పద్ధతులూ దొరుకుతాయి. పాత అలవాటుకు దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకుంటే వేగం పెద్దగా తగ్గదు.

లిబ్రేఆఫీస్‌లో తెలుగు రాసేవారిని మొదటి రోజే కంగారు పెట్టే సంగతి ఒకటుంది. పదాన్ని ఎంచుకుని ఫాంటు మార్చితే ఇంగ్లీషు మారుతుంది, తెలుగు మారదు. తెలుగు వంటి సంక్లిష్ట లిపులకు ఆ ప్రోగ్రాము వేరే ఫాంటును, వేరే సైజును గుర్తుపెట్టుకుంటుంది. భాషల సెట్టింగుల్లో సంక్లిష్ట లిపుల సదుపాయాన్ని ఆన్ చేసి, అక్కడ పోతనో మండలియో వంటి తెలుగు ఫాంటును ఎంచుకుంటే తెలుగు తన దారిలోకి వస్తుంది. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాముకు బదులు చూసేవారికి 2024 జనవరిలో వచ్చిన స్క్రైబస్ 1.6 భారతీయ లిపులను సరిగ్గా కూర్చగలుగుతోంది.

టోకెన్, ట్యాలీ

కంపెనీలు, ఎల్‌ఎల్‌పీలు జీఎస్‌టీ రిటర్నుల మీద డిజిటల్ సంతకం చేయాలి. సొంత యాజమాన్యంలోని దుకాణదారు ఫోనుకు వచ్చే ఓటీపీతో పని కానిచ్చుకోవచ్చు. ఈ ఒక్క తేడా వల్లే దుకాణానికి లినక్స్ సులువైతే, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి కష్టమవుతుంది. పోర్టు చుట్టూ ఉన్న కస్టమ్స్ బ్రోకర్ల ఆఫీసుల్లోనూ సంతకం టోకెన్ లేనిదే రోజు గడవదు.

టోకెన్ చూడటానికి పెన్‌డ్రైవ్‌లా ఉన్నా లోపల అదొక స్మార్ట్‌కార్డు. దానికి లినక్స్‌లో మూడు అంచెలు కుదరాలి. స్మార్ట్‌కార్డు సేవ నడుస్తుండాలి, టోకెన్ తయారీదారు లినక్స్ లైబ్రరీ ఎక్కి ఉండాలి, పోర్టల్ అడిగే సంతకం ప్రోగ్రాము ఆ లైబ్రరీని గుర్తించాలి. మొదటి రెండూ సరిగ్గానే ఉండి మూడోది తప్పడమే ఎక్కువ. పోర్టల్ మారితే కథ మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే ఆఫీసులో కనీసం ఒక కంప్యూటర్‌ను మద్దతు ఉన్న విండోస్‌తో ఉంచుకోవాలన్నది ఆచరణలో నిలిచే సలహా.

లెక్కల ప్రోగ్రాము ట్యాలీ కూడా ఆ యంత్రం మీదే ఉండవచ్చు, అది విండోస్ కోసమే తయారయ్యేది కనుక. మిగతా లినక్స్ కంప్యూటర్ల నుంచి, మరో కంప్యూటర్ తెరను ఇక్కడే చూపే రెమినా ద్వారా దానిలోకి ప్రవేశించవచ్చు. అయితే విండోస్ హోమ్ వెర్షన్ ఈ ప్రవేశాన్ని ఇవ్వదు. ప్రో ఇస్తుంది కానీ ఒకసారి ఒక్కరికే. ముగ్గురు గుమస్తాలు ఒకేసారి ఎంట్రీలు వేసే చోట ఈ ఏర్పాటు చాలదు. ముంబైలో పుట్టిన ఓపెన్ సోర్స్ వ్యాపార లెక్కల ప్రోగ్రాము ఈఆర్‌పీనెక్స్ట్‌కు జీఎస్‌టీ అనుబంధం ఉంది. దానికి సర్వర్, దాన్ని చూసుకునే మనిషి కావాలి. ఆడిటర్ ట్యాలీ డేటానే అడుగుతున్నంత కాలం చిన్న ఆఫీసు అటువైపు వెళ్లడం కష్టమే.

మ్యూనిక్, కేరళ చూపిన దారులు

జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో లినక్స్‌కు మారాలని నిర్ణయించి, సుమారు 15,000 కంప్యూటర్లను మార్చింది. 2017లో మళ్లీ విండోస్‌కే వెళ్లాలని తీర్మానించింది. ఇతర ప్రభుత్వ శాఖలతో ఫైళ్ల మార్పిడి, విండోస్‌లోనే నడిచే ప్రత్యేక ప్రోగ్రాములు అక్కడ నిరంతర ఘర్షణగా మిగిలాయి. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో మాత్రం ఉబుంటు అనే లినక్స్ రకం ఆధారంగా చేసిన వ్యవస్థ ఏళ్లుగా నిలిచింది. అక్కడ వ్యవస్థతో పాటు మలయాళ టైపింగ్, ఉపాధ్యాయుల శిక్షణ, పాఠ్యపుస్తకాలు కలిసికట్టుగా నడిచాయి. బయటి ప్రపంచంతో ముడిపడిన అంచులు తక్కువ. విశాఖలోని ఆఫీసులను కూడా ఈ కొలతతోనే చూడవచ్చు. ట్యూషన్ సెంటర్, చిన్న క్లినిక్, హోటల్ రిసెప్షన్ వంటివి బ్రౌజర్‌తోనే సాగిపోతాయి కాబట్టి ఈరోజే మారవచ్చు. ఎగుమతి దిగుమతుల ఆఫీసు, ఆడిటర్ ఆఫీసు, డీటీపీ సెంటర్ సగమే మారగలవు.

సాఫ్ట్‌వేర్ ఉచితమైనా దాన్ని నిలబెట్టే మనిషి ఉచితం కాదు. ఫార్మాట్ చేసి విండోస్ ఎక్కించడానికి అలవాటుపడిన మరమ్మతు దుకాణాలకు ఇది కొత్త పనితనం కోరే అవకాశం. ఏ ప్రింటరు మోడల్‌కు ఏ డ్రైవర్, ఏ టోకెన్‌కు ఏ లైబ్రరీ అన్నది రాసి ఉంచుకున్న మెకానిక్ ఊళ్లో ఒక్కడున్నా వీధిలోని పది ఆఫీసుల శ్రమ తగ్గుతుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి

నెలనెలా రిటర్ను వేసే ఆఫీసుకు జీఎస్‌టీఆర్-1 గడువు 11వ తేదీ, 3బీ గడువు 20వ తేదీ. కాబట్టి మార్పు 21 తర్వాత మొదలుపెడితే సర్దుకోవడానికి పది రోజులకు పైగా చేతిలో ఉంటాయి. ముందు ఒక్క కంప్యూటర్‌ను, అదీ రిసెప్షన్ వంటి తక్కువ బరువు మోసేదాన్ని మార్చాలి. లెక్కల కంప్యూటర్ చివరిది. మార్చి నెలలో దేన్నీ ముట్టుకోకూడదు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు నగరంలో రోజుల తరబడి కరెంటు, ఫోన్లు లేవు. డేటా కాపీ ఒకటి ఊరి బయట ఉండాలనడానికి అంతకంటే వేరే ఉదాహరణ అక్కర్లేదు. వ్యవస్థను మార్చే ముందు ఆ కాపీ తీయాలి, తీసిన కాపీని మరో కంప్యూటర్‌లో తెరిచి చూడాలి. పాత డిస్కును చెరిపేయకుండా, దాన్ని విప్పి కొత్త ఎస్‌ఎస్‌డీ మీద లినక్స్ ఎక్కించడం అన్నింటికంటే క్షేమం. ఏదైనా తేడా వస్తే పాత డిస్కును తిరిగి బిగిస్తే పది నిమిషాల్లో నిన్నటి ఆఫీసు తయారవుతుంది. జీఎస్‌టీ రికార్డులను వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు భద్రపరచాలి కనుక, ఆ డిస్కు మీద తేదీ రాసిన చీటీ అంటించి, తేమ తగలని సంచిలో పెట్టి బీరువాలో ఉంచాలి. అందులోని లెక్కలను ఈలోగా మరో చోటికి ఎక్కించుకోవాలి. ఉప్పుగాలిలో ఆరేళ్లు పడి ఉన్న డిస్కు మళ్లీ తిరుగుతుందన్న నమ్మకం లేదు.